నా బొమ్మ ముందట నిలబడ్డ సిద్దిపేట

నా బొమ్మను పర్దా చేసిన్రు. షోకేసుల ఉండవలసినదాన్ని తీసి, బట్ట మీదికి దించి, స్టూడియో లోపలి గోడకు కట్టి, దాని ముందట జనాన్ని నిలబెట్టి ఫొటోలు తీసిన్రు. ఇది జరిగి ఏండ్లు గడిచె, నాకు బీపీ గోళీ వేసుకునే వయసొచ్చె. అయినా అన్యాయం అన్యాయమే కాబట్టి ముందుగాల అది చెప్పి, తర్వాత మిగతాది చెప్తున్న.

ఆ రోజుల్లో సిద్దిపేటల మనిషి పేరు బయటికి రావాలంటే రెండే తొవ్వలు. ఒకటి ఎలక్షన్ల నిలబడుడు, ఇంకోటి ఫొటో స్టూడియో షోకేసుల పడుడు. రెండోదే కష్టం (మొదటిదానికి ఎవ్వరైనా నిలబడొచ్చు). బజారుకు పోయే ప్రతి మనిషీ ఆ అద్దం ముందట ఆగి, ఈసారి ఏ పెండ్లిపిల్లను పెట్టిన్రు, ఎవలింటి పసిపిలగాడు బోర్ల పడుకొని నవ్వుతున్నడని చూసి, వంకలు పెట్టిగాని కదలకపోయేది. నేను ఆ స్టూడియోల పని చేస్తుంటి. యజమానిని ఊరంత స్మైల్ భాయ్ అనేటోళ్లు. చచ్చిపోయినాయన ఫొటో తీయవోయి గూడ అలవాటుగ "జర స్మైల్" అన్నడని చెప్పుకునేటోళ్లు. నేను నమ్మలేదు అందామంటే, ఆ పొద్దు పక్కన లైటు పట్టుకొని నిలబడ్డది నేనే.

తొంభైలు చివరికొచ్చినంక భాయ్ పట్నం నుంచి ఒక కంప్యూటరు, ఒక స్కానరు తెచ్చిండు. చిరిగిన పాత ఫొటోలు దిద్దుడు, పోయిన తాతకు కోటు తొడుగుడు, ఇగో గింతే దాని పని. నాకు నేర్పినోడు లేడు. బడి సగంల ఇడిసినోణ్ణి, పక్కన డిక్షనరీ పెట్టుకొని, తెర మీద కనిపించిన ప్రతి మాటను నొక్కి, ఏమైతదో చూసుకుంట నేర్చుకున్న. ఒకనాడు మార్కెట్ యార్డుల ఎండబోసిన మిరపకాయల ఫొటోను స్కాన్ చేసి నొక్కుడు మొదలుపెట్టిన. ముందుగాల అంచులు కరిగించిన. తర్వాత సుడి తిప్పిన. తిప్పమని చెప్పి మౌస్ ఇడిస్తే, నేను హోటల్‌కు పోయి చాయ్ తాగొచ్చేదాక తెర మీద గడియారం గుర్తు తిరుగుతనే ఉండేది (నచ్చకపోతే ఒక్క అడుగే వెనుకకు మళ్లనిచ్చేది, రెండో తప్పుకు మాఫీ లేకుండె). అదే ఫొటోను పలుచని పొరగ చేసి, తలకిందులుగ దాని మీదనే పరిచిన. ఎరుపుల కెల్లి నీలం బయటికి లాగిన. చివరికి మిరపకాయ లేదు, కుప్ప లేదు, పక్కన నిలబడ్డ హమాలీ లేడు. ఎండల నిలబడి కండ్లు మూసుకుంటే రెప్పల లోపల ఒక ఎరుపు కనిపిస్తది చూడుండ్రి, అది మిగిలింది. ఇది ఫొటో కాదు, బొమ్మ అనుకున్న. నా బొమ్మ.

"భాయ్, దీన్ని షోకేసుల పెడదాం" అన్న.

"దీంట్ల మనిషేడి?"

"మనిషుండడు భాయ్. గిది ఆర్ట్."

"ఆర్టయితే మనిషుండొద్దా?"

"ఉండొద్దని కాదు. లేడు."

భాయ్ కండ్లద్దాలు తుడుచుకొని మళ్ల చూసిండు. "తమ్మీ, షోకేసుల పెట్టినమంటే ఎవలో ఒకలొచ్చి, గిది మా బిడ్డ అనాలె. దీన్ని ఎవలొచ్చి మాది అంటరు?"

"నేనంట."

ఆ మాటకు కరిగిండో, నా పోరు పడలేకనో గాని, పట్నం ల్యాబుల పెద్దగ ప్రింటు తీయించి, ఒక పెండ్లిపిల్లను పక్కకు జరిపి దాన్ని పెట్టనిచ్చిండు. ఆ పొద్దు నేను షర్టు ఇస్త్రీ చేయించుకొని వచ్చిన. ఎవరైనా వచ్చి చేసినాయన ఏడని అడిగితే తయారుగ ఉండాలె గద.

మొదలు ఆగింది నారాయణరావుపేట పెద్దమ్మ ఒకామె. అంతకుముందే బిడ్డ పెండ్లి చేసింది, ఆ రీళ్లు కడగడానికి పట్నం పోవాల్సినయి మా దగ్గరనే ఉన్నయి. అద్దానికి ముక్కు ఆనిచ్చి చానాసేపు చూసింది. ఊళ్లె ఒక్క మనిషన్న నా బొమ్మను గంతసేపు చూస్తున్నదని లోపల నేను మురిసిపోతున్న. ఆమె లోపలికొచ్చి మెల్లగ అడిగింది.

"కొడుకా, గది ఎవలి పెండ్లి?"

"పెండ్లి కాదు పెద్దమ్మా, బొమ్మ."

"గంత ఎర్రగున్నది, పెండ్లే. పాపం, పిల్ల కానొస్తలేదు, పిలగాడు కానొస్తలేడు. రీలుకు లైటు పడ్డదా?"

కెమెరా మూత పొరపాటున తెరుచుకొని రీలుకు వెలుతురు తగిలితే ఫొటోలు ఎర్రగ కాలిపోతయని అప్పట్ల అందరికీ ఎరుకే. పెండ్లి మళ్ల చేయరాదు గనుక ఆ భయానికి మందు లేదు. నేను మిరపకాయల కాడికెల్లి మొదలుపెట్టి అంత చెప్పిన. పెద్దమ్మ ఓపికగ విన్నది. "మంచిగున్న మిరపకాయలను గిట్లెందుకు చేసినవు కొడుకా" అన్నది. ఆ వెంటనే "మా రీళ్లు మాకియ్యి" అన్నది. పొద్దుగూకేవరకు బజారంత ఒక్కటే మాట: స్మైల్ భాయ్ ఎవలదో పెండ్లి కరాబు చేసిండట, సిగ్గు లేకుండ షోకేసుల గూడ పెట్టిండట. తెల్లారి రీళ్లు వాపస్ అడిగేటోళ్లతోని స్టూడియో నిండింది. అక్కన్నపేట నుంచి వచ్చినాయన ఒకడు నా మీదికే లేచిండు. "లైటు పడితే పడ్డది. గిట్ల నలుగురికి చూపెడితే ఆ పిల్ల అత్తగారింట్ల ఎట్ల తలెత్తుకుంటది?" (లేని పిల్ల గురించి ఆయనకు ఉన్న రందిలో కొంచెమన్న, ఉన్న బొమ్మ గురించి ఎవ్వరికీ లేకపాయె.)

భాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. బొమ్మను షోకేసుల నుంచి తీసి, బోర్డులు రాసే పెయింటరును పిలిపించి, దాన్ని చూసి పెద్ద బట్ట మీద దించుమన్నడు. లోపల పాత పర్దా మీది జలపాతం ఎప్పుడో చినిగిపోయి ఉండె. "మనిషి లేకనే గద లొల్లి అయింది. ముందట మనిషిని నిలబెడ్త" అన్నడు. పెయింటరు నా సుడిని మంచిగనే దించిండు. కాని కింద బోసిపోతున్నదని తన సొంత తెలివితోని హంసల జంటను వేసిండు. హంసల కింద తన పేరు రాసుకున్నడు.

అప్పటి సంది పెండ్లిచూపుల ఫొటో అయినా, పిల్లల పుట్టినరోజు ఫొటో అయినా నా సుడి ముందటనే. సిద్దిపేటల ఎవలింటికి పోయినా గోడ మీద నా బొమ్మ ఉండేది, సరిగ్గ నడిమిట్ల ఎవలో ఒకలు అడ్డం నిలబడి. నేను భుజాల పక్కకెల్లి, చెవుల మీదికెల్లి కొసలు చూసి గుర్తుపట్టేటోణ్ణి. "గా ఎనుక ఉన్నది నేను చేసిందే" అంటే, ఆ ఇంటోళ్లు దగ్గరికి పోయి చూసి, "ఏది, హంసలా?" అనేటోళ్లు. చెప్పుడు మానేసిన, కోపం మానలేదు.

స్టూడియో మూతబడింది. ఇప్పుడు ఫోన్ల వేలు పెట్టి రాకితే చిన్నపిల్లలు గూడ సుడి తిప్పుతున్నరు, మంచిగున్నదని మెచ్చుకునేటోళ్లు ఉన్నరు. ఇటీవల భాయ్ ఇంటికి పోయిన. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. చాయ్ తాగుకుంట, ఇన్నేండ్లు దాచుకున్నది అడిగేసిన. "భాయ్, నిజం చెప్పు. నా బొమ్మను గీ ఊళ్లె ఒక్కడన్న చూసిండా?"

భాయ్ నాకు తిక్కలేసిందేమో అన్నట్టు చూసిండు. సాసర్ల పోసుకున్న చాయ్ పూర్తిగ తాగి, అప్పుడు జవాబిచ్చిండు.

"అరే తమ్మీ, నిలబడ్డోళ్లందరు దానికి ఈపు పెట్టి నన్ను చూసిన్రు. నేను కెమెరాల కన్ను పెట్టి ఏం చూసిన మరి? దుకాణం బంద్ చేసేదాక, దినాం పొద్దుగాల లేస్తే అదే గద నా కండ్ల ముందట. ఇంకెవలు చూడాలె నీకు?"