పది కుంచాల అద్దె

సన్యాసమ్మకు చదువు రాదు. నోట్ల మీద నమ్మకం అంతకన్నా లేదు. పది రూపాయల నోటు మీద పది అని ఉంటుంది గానీ, దానికి ఎన్ని బియ్యం వస్తాయో ఉండదు. ఉండవలసిన ముక్క లేని కాగితాన్ని ఎలా నమ్మడం అనేది ఆవిడ ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగిన చదువుకున్నవాణ్ణి ఇంతవరకు నేనూ చూడలేదు.

ఆవిడ పుట్టి పెరిగిన ఊళ్లో ఊడ్పులకు వెళితే కూలిని కుంచంతో ధాన్యంగా కొలిచేవారు. ధర పెరిగినా తగ్గినా కుంచం కుంచమే, కడుపు కడుపే. ఉక్కు ఫ్యాక్టరీకి ఊరి భూములు పోయినప్పుడు, తన వాటాకి వచ్చిన డబ్బుని పట్టుమని పది రోజులు కూడా ఇంట్లో ఉంచలేదు. విశాఖపట్నం వన్ టౌన్‌లో, పోర్టుకి దగ్గర్లో ఓ ఇరుకు సందులో పాత పెంకుటిల్లు కొనేసింది. వెనక రెండు గదుల్లో తానూ, మొగుడు తవిటయ్యా. ముందు గదికి వీధి వైపు తలుపులున్నాయి, కొట్టుకి పనికొస్తుంది.

తవిటయ్య పోర్టులో బస్తాలు మోసే కళాసీ. డెబ్బై మూడు, డెబ్బై నాలుగు సంవత్సరాల్లో ధరలు మండిపోయాయి. తవిటయ్య తెచ్చే కూలి మాత్రం పెద్దగా కదల్లేదు. ఆ కూలి పట్టుకుని అతను బజారుకి వెళ్లొచ్చినప్పుడల్లా సన్యాసమ్మ సంచిని చేత్తో ఎత్తి చూసేది.

"నీ కూలి తగ్గించీసినారేటి మావా?"

"ఎవులూ తగ్గించలేదే. అంతే ఇచ్చినారు."

"మరి సంచి తేలికైపోతందేటి?"

తవిటయ్య తువ్వాలు దులుపుకుని మంచమెక్కేశాడు. కానీ ఆ తేలికైన సంచిని సన్యాసమ్మ మరిచిపోలేదు.

ఆ ఏడాదే ముందు గది అద్దెకు కావాలని నరసింహమూర్తి వచ్చాడు. అమలాపురం వైపు మనిషి. పడవలకి, లారీలకి తాళ్లు అమ్మే కొట్టు పెట్టుకుంటాడట. పన్నెండేళ్లకు కాగితం రాసుకుందామన్నాడు. ఇద్దరూ కలిసి దస్తావేజులు రాసే శ్రీరామ్మూర్తి దగ్గరికి వెళ్లారు.

"అద్దె ఎంత?" అన్నాడు శ్రీరామ్మూర్తి కలం సిరాలో ముంచుతూ.

"నెలకి పది కుంచాల బియ్యం," అంది సన్యాసమ్మ.

కలం ఆగింది. "అద్దె రూపాయల్లో రాస్తారమ్మా. ఇదేమైనా ఊడ్పుల కూలా?"

"కూలే గదా బాబూ. నా గదిని పన్నెండేళ్లు ఈ బాబుకి కూలికి అంపుతన్నాను. పనిసేసినోల్లకి తిండి కొలవరేటి?"

నరసింహమూర్తి పగలబడి నవ్వాడు. బియ్యం పండేది తమ వైపే కదా, ఎంతకని పెరుగుతాయిలే అనుకుని ఒప్పుకున్నాడు. కుంచం అన్ని చోట్లా ఒక్కలా ఉండదు కాబట్టి ఏ కుంచం అని అడిగాడు శ్రీరామ్మూర్తి. "నాది," అంది ఆవిడ. ఊరు విడిచి వచ్చేటప్పుడు మంచాలూ కుండలూ అక్కడే వదిలేసింది గానీ, ఇత్తడి కట్టు వేసిన ఆ ఇనప కుంచాన్ని చంకన పెట్టుకుని తెచ్చుకుంది. దానికి మూడు కిలోల పైన పడతాయి. కాగితంలో ఆ కుంచం గుర్తులు కూడా రాయించింది.

సందులో వాళ్లు ఆవిడకి కుంచాలమ్మ అని పేరు పెట్టేశారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది పక్కింటి మహాలక్ష్మమ్మ. ఆవిడా అదే ఏడాది తన గదిని పన్నెండేళ్లకు, నెలకి అరవై రూపాయలకు, దర్జాగా నోట్ల లెక్కన ఇచ్చింది.

నరసింహమూర్తి మాట మీద నిలబడే మనిషి. ప్రతి ఒకటో తారీకున బజారులో బియ్యం ధర కనుక్కుని, పది కుంచాలకు ఖరీదు కట్టి డబ్బిచ్చేవాడు. మొదటి నెల డెబ్బై అయిదు రూపాయలైంది. పదేళ్లు తిరిగేసరికి నూట నలభై దాటింది. పెరిగిందని సన్యాసమ్మ ఏనాడూ సంబరపడలేదు, ఎందుకంటే ఆవిడ లెక్కలో పెరగలేదు. అప్పుడూ పది కుంచాలే, ఇప్పుడూ పది కుంచాలే. మహాలక్ష్మమ్మకు మాత్రం అవే అరవై రూపాయలు. ఒకప్పుడు నెలంతా తిన్న ఆ అరవైతో ఇప్పుడు రెండో వారానికే బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. కుంచాలమ్మ అని పిలవడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

ఎనభై నాలుగులో నరసింహమూర్తికి మోకాళ్లు పట్టేశాయి. కొట్టుని మేనల్లుడు దొరబాబుకి అప్పగించి ఊరికి వెళ్లిపోయాడు. దొరబాబు నాలుగేళ్లుగా ఆ కొట్లోనే పనిచేస్తున్నాడు. ఒకటో తారీకున వచ్చి సన్యాసమ్మ చేతిలో అరవై ఆరు రూపాయలు పెట్టాడు.

"ఏటి బాబూ ఇది?"

"బియ్యం కిలో రెండు రూపాయలే కదండీ మామ్మగారూ, కోటా కొట్టు దగ్గర బోర్డే పెట్టారు. మీ కుంచాలు పది, ముప్పై మూడు కిలోలండి. లెక్క సరిపోయిందండి."

సన్యాసమ్మ ఆ నోట్లని అటూ ఇటూ తిప్పి చూసింది. కిందటేడు నుంచి ప్రభుత్వం కార్డుల మీద రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తున్న మాట నిజమే. కానీ ఈ అరవై ఆరు, పదేళ్ల కిందట ఇచ్చిన మొదటి నెల అద్దెకన్నా కూడా తక్కువ. తవిటయ్య నడుం పడిపోయి రెండేళ్లుగా మంచం దిగడం లేదు. ఆ అద్దె తప్ప ఇంటికి వచ్చే పైసా లేదు. మందులకు పోగా అరవై ఆరులో ఏం మిగులుతుంది? రూపాయిని నమ్మకపోతే పోయాను, బియ్యం కూడా మోసం చేశాయేమిటని రెండు రోజులు కుమిలిపోయింది.

మూడో రోజు కాగితం కొంగున కట్టుకుని శ్రీరామ్మూర్తి దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"నెలకు పది కుంచాల బియ్యం గానీ, ఆనాటి దాని ఖరీదు గానీ, సన్యాసమ్మ కోరిన విధంగా..." ఆయన ఆగి తల గోక్కున్నాడు. "ఏ కొట్టు ధరో రాయలేదమ్మా. కోర్టుకెళితే ఏళ్లు పడుతుంది."

"ఇంకోపాలి సదవండి బాబూ."

ఆయన మళ్లీ చదివాడు.

"ఆగండి. ఆ గానీ అంటే ఏటి?"

"ఇదైనా ఇవ్వచ్చు, అదైనా ఇవ్వచ్చు అని."

"ఎవులిట్టం? ఆయనిట్టవా, నా ఇట్టవా?"

"సన్యాసమ్మ కోరిన విధంగా అని ఉంది కదా. నీ ఇష్టమే."

సన్యాసమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది. శ్రీరామ్మూర్తి కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

ఇంటికి వెళ్లి కుంచం చంకన పెట్టుకుని, అరవై ఆరు రూపాయలు పట్టుకుని కొట్లోకి వచ్చింది.

"నీ డబ్బులు నువ్వు తీసుకో బాబూ. నాకు బియ్యం కొలిసియ్యి."

దొరబాబు తెల్లబోయాడు. "బియ్యమా అండీ?"

"ఆ రెండు రూపాయల బియ్యమే కొలు. నానేటి వద్దన్నానా?"

కోటా బియ్యం కొలుద్దామంటే దొరబాబు కార్డు ఊళ్లో ఉంది. ఒకవేళ ఇక్కడే ఉన్నా, కార్డుకి ఇరవై అయిదు కిలోలకు మించి ఇవ్వరు. అతను సైకిలెక్కి బజారుకి పోయాడు. గంట తర్వాత బస్తాతో వచ్చాడు. నూట నలభై రెండు రూపాయలు వదిలాయి.

బస్తా విప్పి కుంచం ముంచాడు. మొదటి కుంచం ఆవిడ గోనెలో పోస్తూ, ఒకటి అనకుండా "లాభం" అన్నాడు. అతనిదీ రైతు కుటుంబమే. చిన్నప్పుడు కళ్లంలో విన్న మాట, తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. సన్యాసమ్మ చటుక్కున తలెత్తి చూసింది. ఊరు విడిచాక ఆ మాట వినలేదు. మూడు రోజులుగా గుండెల మీద ఉన్న బరువంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. రెండు, మూడు అని అతను కొలుస్తూంటే, ప్రతి కుంచం అంచునూ తన అరచేత్తోనే సమానంగా కోసింది. గింజ ఎక్కువ తీసుకోలేదు.

పదో కుంచం పోసి దొరబాబు చతికిలబడ్డాడు. "ఏమనుకోకండి మామ్మగారూ. ఎనభైలో మావయ్య నెలకి మూడొందలన్నాడండి. ఇప్పటికీ అదే మూడొందలు. అప్పట్లో ఇంటికి కూడా పంపేవాణ్ణండి. ఇప్పుడు నాకే చాలట్లేదు. ఇక్కడేమైనా మిగుల్తుందేమోనని..."

"సంచి తేలికైపోయిందన్నమాట," అంది సన్యాసమ్మ. కోపమంతా ఎటు పోయిందో ఆవిడకే తెలియలేదు. "నా కడుపు కోత్తే నీ సంచి నిండుద్దా? మీ మావయ్యకి ఉత్తరం రాయి. జీతం కుంచాల్లో కట్టమని అడుగు."

మరుసటి నెల ఒకటో తారీకున దొరబాబు తనంతట తానే బజారు ధర కనుక్కుని, నూట నలభై మూడు రూపాయలు తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి కూడా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇంకేటి బాబూ?"

"మావయ్య జవాబు రాశాడండి." దొరబాబు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "ఏ కుంచం అని అడిగాడండి."

సన్యాసమ్మ మంచం కిందికి వంగి, ఇత్తడి కట్టు కుంచాన్ని బయటికి లాగి, కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది.

"పట్టుకెల్లు. ఒకటో తారీకుకి మాత్తరం తెచ్చియ్యి."