ముందు సీట్లో పొట్లం

అమెరికాలో మా లకోటా తెగవాళ్లకు కేటాయించిన నేల, రిజర్వేషన్‌లో, పెట్రోలు బంకు పక్కన ఆర్డెల్ అత్త శనివారం శనివారం మూకుడు పెడుతుంది. పిండిముద్దను అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు సాగదీసి, నూనెలో వేయించి అమ్ముతుంది. మేనకోడలు జోలీన్ కనబడకుండా పోయినప్పటి నుంచీ ఇదే పని. వచ్చిన డబ్బుతో బండిలో పెట్రోలు పోయించుకుని వెతకడానికి పోతుంది. నవ్వొస్తే పిండి చేత్తోనే నోరు మూసుకుంటుంది కాబట్టి మూతికెప్పుడూ తెల్లమీసం. ఈ శనివారం మాత్రం రొట్టెలు అమ్మలేదు, ఊరికే పంచింది. తప్పిపోయినవాళ్ల కుటుంబాలకు వెతకడానికిచ్చే సాయం డబ్బు వచ్చేసింది మరి! బంకు ముందు బండ్లు బారులు తీరి హారన్లు మోగిస్తున్నాయి. "ట్యాంకులు నిండా పోయించండ్రా! ఇవాళ వెతికేది ఏటిదాకా కాదు, ఆ కొండల అవతలిదాకా!" అని అత్త ఒకటే కేకలు.

తినబోయేముందు చనిపోయినవాళ్లకు కాస్త తీసి పళ్లెంలో బయట పెడతాం మేము. ఆ సంబరంలో పొరుగింటి వెర్నన్ ఆ పళ్లెంలో ఒక రొట్టె వేస్తూ, "ఇది మన జోలీన్‌కి" అనేశాడు. హారన్లు ఆగిపోయాయి. అత్త ఆ రొట్టె తీసి కాగితంలో చుట్టింది.

"దాని వాటా పెట్టేది అక్కడ కాదురా వెర్రోడా, బండిలో! దొరికేసరికి ఎంత ఆకలి మీదుంటుందో ఏమో."

పొట్లం ముందు సీట్లో పెట్టి, బండెక్కి, హారన్ తనే కొట్టింది.