చుక్క మందు పడని టమాటా

మా పక్కింటి టీచరమ్మ గారు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. నేను కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తిరగేస్తున్నాను. మా ఆవిడ ఫోన్ చేసి, "టీచరమ్మ గారు తలుపు తీయట్లేదయ్యా, నాకు భయంగా ఉంది, నువ్వు రా" అంది. పరుగెత్తుకొచ్చి వెనక తలుపు నెట్టి చూస్తే, చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని, పక్కకి తిరిగి హాయిగా పడుకున్నట్టే ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా, ఒకరి చేత నీళ్లు తాగించుకోకుండా వెళ్లిపోయారు. అంతకంటే ఏం కావాలి అని ఊళ్లో అందరూ అన్నారు. నాకు మాత్రం ఇంకా కొన్నాళ్లు ఉంటే బాగుండేదనే ఉంది.

ఆ గాభరాలో చేతులు కడుక్కోవడం మర్చిపోయాను. మిరపకాయలు తిరగేసిన చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. ఇక చూడండి నా అవస్థ! రెండు కళ్లూ నిప్పులు. ముక్కు కూడా తోడైంది. చర్చి సంఘపెద్ద గారు వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఊరుకో అబ్బాయ్, కడుపున పుట్టినోళ్లు కూడా ఇంతగా ఏడవరు" అని ఓదారుస్తుంటే ఏమని చెప్పను? ఏడుపులో సగం ఆవిడ కోసమే, మిగతా సగం మిరపకాయల పుణ్యం. ఆవిడే గనక లేచి కూర్చుంటే, "ముందు చేతులు కడుక్కోమని మూడో తరగతిలో చెప్పలేదురా నీకు?" అని నెత్తిన ఒక్కటి మొట్టేవారు.

నిజంగానే మూడో తరగతిలో నాకు చెప్పారు. చర్చి బడిలో నాకూ పాఠాలు చెప్పారు, మా అబ్బాయికీ చెప్పారు. రిటైరయ్యాక పెరట్లో టమాటా మొక్కలు వేసుకుని, వాటికి కూడా పాఠాలు మొదలెట్టారు. మా రెండు ఇళ్లకీ మధ్య నడుమెత్తు గోడ. పొద్దున్నే పళ్లు తోముకుంటూ నేను ఇటు నిలబడితే, అటువైపు హాజరు నడుస్తుండేది. "ఏమ్మా, నిన్న అంత ఠీవిగా ఉన్నావు, ఇవాళ తల వాల్చావేం? నువ్వు ఇంకా పూతకి రాలేదేం? పక్కదాన్ని చూసి నేర్చుకో." మొక్కలు ఏమనుకునేవో గానీ, నాకు మాత్రం వెన్ను దానంతటదే నిటారుగా అయిపోయేది.

ప్రతి ఏడూ తొలి కాయ పండే రోజు ఆవిడకి పండగే. కాయకి ఎరుపు తిరగ్గానే కోయనిచ్చేవారు కాదు. "తొడిమ దగ్గర పచ్చ ఇంకా పోలేదురా. ఒక్క రోజు ఓపిక పట్టు, నీ సొమ్మేం పోదు" అనేవారు. ఆ ఒక్క రోజూ అయ్యాక గోడ మీంచి "రండర్రా!" అని ఒక కేక. గోడ మీద పళ్లెం పెట్టి, ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు కోసేవారు. ఒక్కోసారి గోరంత ముక్క వచ్చేది. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవారు. నేనొకసారి ఆమెన్ దాకా ఆగలేక గుటుక్కున మింగేస్తే, కళ్లు తెరవకుండానే, "ఆ నమిలే చప్పుడు ఎవరిదో నాకు తెలుసు" అన్నారు. ఆ ముక్క నోట్లో పెట్టుకుంటే పులుపూ తీపీ ఒక్కసారే వచ్చేవి. ఎండకి వెచ్చగా కూడా ఉండేది. "కొన్న టమాటా కూరలోకిరా. ఇంట్లో కాసింది నేరుగా నోట్లోకే" అనేవారు.

ఇంత ఆప్యాయంగా ఉండే మనిషి, నా చేలో కాసింది మాత్రం ఒక్కటీ నోట పెట్టేవారు కాదు. నాది మిరప, పత్తి. గట్ల మీద బెండ, గోంగూర వేస్తాను. సంచీ నిండా తెచ్చి ఇస్తే, "అక్కడ పెట్టు నాయనా" అని నవ్వేవారు. అవి అక్కడే వాడిపోయేవి. ఒకరోజు ఉక్రోషం పట్టలేక, "ఏమండీ, నా చేతిది తినకూడదా?" అని అడిగేశాను. "నువ్వు మంచోడివేరా. నీ పంపే మంచిది కాదు" అన్నారు.

ఆ పంపు సంగతి చెప్పాలి. మా మిరప రైతులకి ఒక జబ్బుంది. చేలో పురుగుమందు కొట్టడం అయిపోయాక పంపు ట్యాంకులో అడుగున కాస్త మిగులుతుంది. దాన్ని పారబోయడానికి మనసొప్పదు. ఇంటికి తెచ్చి బీరపాదు మీదో, మల్లెచెట్టు మీదో కొట్టేస్తాం. మొక్కకి మేలు చేశామని తృప్తిగా స్నానం చేస్తాం. మా వీధిలో ఏ పెరడైనా ఇంతే.

పోయినేడాది ఆవిడ ఏదో పెళ్లికని చీరాల వెళ్లి రెండు రోజులు ఉన్నారు. గోడవతల మొక్కల ఆకులు కాస్త ముడుచుకున్నట్టు కనిపించాయి. కాయలు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. అయ్యో పాపం, పెద్దావిడ కష్టం, వచ్చేసరికి బాగుచేసి పెడదాం అనుకున్నాను. ట్యాంకులో మిగిలిన మందు, గోడ మీంచి వంగి, ఒక్క మొక్కని వదలకుండా తడిపేశాను. ఈల వేసుకుంటూ మరీ కొట్టాను, బుద్ధి లేనివాణ్ణి.

సాయంత్రం ఆవిడ ఆటో దిగి పెరట్లోకి వచ్చారు. వాసన పట్టేశారు. "ఏం కొట్టావురా?" అని అడిగారు. నేను గొప్పగా మందు పేరు చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి బేసిన్ తెచ్చారు. పండువి, దోరవి, పచ్చివి అన్నీ కోశారు. గుంట తవ్వి పూడ్చేశారు. నేను గోడ దూకి పార అందుకోబోతే వద్దన్నారు. "నాలుగు తిట్టండి టీచరమ్మా" అన్నాను. "మేలు చేద్దామనే చేశావు. తిట్టడానికి నోరు రావట్లేదురా" అని లోపలికి వెళ్లిపోయారు.

తిట్టి ఉంటే నిద్ర పట్టేది. ఆ ఏడు గోడ మీద పళ్లెం లేదు, కేక లేదు. ఒక రోజు ఆవిడ వీధిలో బండి దగ్గర నిలబడి టమాటాలు ఏరుకుంటుంటే చూశాను. నాకు ప్రాణం చివుక్కుమంది. నా మూలాన కదా అనుకున్నాను.

మొన్న వానలు తగ్గాక ఆవిడ, "మోకాళ్లు వంగట్లేదురా, ఈ ఏడు నేను వేయను" అన్నారు. ఆ మాటతో నిశ్చయం చేసుకున్నాను. గోడకి ఇటువైపు, నా పెరట్లో, నేనే వేస్తాను. చుక్క మందు పడనివ్వను. తొలి పండు ఆవిడ చేత తినిపిస్తాను. మా ఆవిడతో చెబితే, "నువ్వా? మందు కొట్టకుండానా?" అని పొట్ట పట్టుకుని నవ్వి, పంపు ఉన్న కొట్టుగదికి తాళం వేసింది. టీచరమ్మ గారు "చూద్దాం" అన్నారు. అంతే. ఆ "చూద్దాం" నాకు పరీక్ష పేపరులా కనిపించింది.

పర్చూరు వెళ్లి నారు తెచ్చాను. పది మొక్కలు. పత్తికట్టెలు పాతి ఊతం కట్టాను. ఆవిడ గోడవతల కుర్చీ వేసుకుని కూర్చుని హుకుం జారీ చేసేవారు. "ఆ కింది ఆకు తుంచు. మొదట్లో నీళ్లు నిలవనీయకు. పురుగు కనిపిస్తే చేత్తో తీయి." చేత్తోనా! ముప్పై ఏళ్లుగా ఎకరాల కొద్దీ పురుగుల్ని చంపినవాణ్ణే గానీ, ఒక్కదాన్నీ ముట్టుకున్న పాపాన పోలేదు. అది మెత్తగా వేలికి చుట్టుకోగానే కెవ్వున అరిచాను. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలా నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను. ఇంకో పది పురుగులు ఏరమన్నా ఏరేవాణ్ణి.

కాయలు కట్టాక ఆకుముడత తెగులు వచ్చింది. ముందు ఒక మొక్క, తర్వాత ఇంకో మూడు. ఒక మధ్యాహ్నం మా ఆవిడ కల్లానికి వెళ్లింది. టీచరమ్మ గారు కునుకు తీస్తున్నారు. తాళంచెవి ఎక్కడుందో నాకు తెలుసు. కొట్టు తెరిచి పంపు భుజానికి తగిలించుకున్నాను. ఎవరూ చూడట్లేదు. ఒక్కసారి కొడితే మొక్కలన్నీ బతుకుతాయి, పండ్లు నిగనిగలాడతాయి, ఆవిడకి తెలిసే దారే లేదు. మొక్కల దాకా వెళ్లాను కూడా. ఆ కాయ ఆవిడ నోట్లో పెట్టుకుంటుంటే నేను ఎదురుగా ఎలా నిలబడతాను అనిపించింది. పంపు దించేసి, ముడుచుకున్న నాలుగు మొక్కల్నీ పీకి దూరంగా కాల్చేశాను.

మర్నాడు హాజరు వేళకి ఆవిడ గోడ మీంచి చూసి, "నలుగురు ఆబ్సెంటేంరా?" అన్నారు. దాచకుండా ఉన్నదంతా చెప్పేశాను, పంపు ఎత్తుకున్న సంగతితో సహా. "పదిలో నాలుగు పోతే ఎంత?" అన్నారు. "ఆరండి" అన్నాను. "పాసయ్యావు ఫో" అన్నారు.

జనవరి చివర్లో తొలి కాయ ఎర్రబడింది. అందగత్తె ఏం కాదు, భుజాల దగ్గర పగిలి, ఓ పక్క సొట్ట. ఒక్క రోజు ఆగాను. తొడిమ దగ్గర పచ్చ పోయాక, గోడ మీంచి నేనే కేక వేశాను. ఆవిడ చేతికర్ర పట్టుకుని, వీధి గుమ్మంలోంచి చుట్టూ తిరిగి మా పెరట్లోకి వచ్చారు. నేను కడగడానికి బిందెడు నీళ్లు, కత్తి, పళ్లెం అన్నీ సిద్ధం చేశాను. ఆవిడ వాటి వంక చూడనైనా చూడలేదు. నన్ను ఏమీ అడగలేదు. కాయని మెల్లగా తిప్పి కోసి, పమిట చెంగుతో ఒక్కసారి తుడిచి, కొరికేశారు. రసం మణికట్టు మీంచి మోచేతి దాకా కారింది. కళ్లు మూసుకున్నారు.

"ఉప్పు పట్రారా, తొందరగా" అన్నారు.

వంటింట్లోకి పరుగెత్తాను. ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకేం తెలుసు! వెతికి వెతికి, గుప్పెడు తీసుకుని వచ్చేసరికి ఆవిడ చేతిలో తొడిమ ఒక్కటే మిగిలింది. "నీకు ముక్క ఉంచుదామనే అనుకున్నానురా, ఆగలేకపోయాను" అని, దొంగతనంగా తింటూ దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వేశారు. గడ్డం మీద టమాటా గింజ ఒకటి అంటుకుని మెరుస్తోంది. నేను ఉప్పు గుప్పిట పట్టుకుని, ఆవిడ వంక చూస్తూ అలాగే నిలబడిపోయాను.