తలుపుకు జ్వరం చూసే సారు

తిరుపతిలో నేను గదులు ఊడ్చే లాడ్జికి, మంటలొస్తే ఏం చేయాలో నేర్పడానికి ఫైర్ స్టేషన్ సారొకాయన వచ్చేవాడు. బాత్రూం తలుపైనా సరే, తెరిచే ముందు చెయ్యి తిప్పి, వెనక వైపు ఆనించి చూసేవాడు.

ఎనిమిదితో బడి మానినవాణ్ని, పాఠం వింటూ నోరు మూసుకోలేను.

"ఏం సార్, తలుపుకు జొరమా?" అన్నాను ఒకరోజు. తోటి పనివాళ్లందరూ నవ్వారు.

"అవునప్పా. అవతల మంటుంటే తలుపు కాల్తాది. తెరిస్తే మన మీదకే వస్తాది."

"మాయమ్మ అరచేత్తోనే సూస్తాది సార్, జొరం."

"అరచెయ్యి కాలితే నీళ్ల పైపు పట్టుకునేదెట్లప్పా?" అంటూ తన కుడి చెయ్యి చాపాడు. జాతకం చెబుదామని వంగాను. అరచేతిలో ఒక్క గీత లేదు. కాలిన తోలు నున్నగా మెరుస్తోంది.

"నన్ను ముందు మంటల్లోకి పంపినారు, తర్వాత శిక్షణకి పంపినారు" అన్నాడు మెల్లగా.

పాఠం ముగించి, మా సంతకాలు తీసుకుని ఆయన బయల్దేరాడు. పైన మూడంతస్తుల్లో కొండ దిగొచ్చిన భక్తులు పడుకుని ఉన్నారు. మావాళ్లను నవ్వించాలని, అచ్చం ఆయనలాగే నడిచి, దుప్పట్ల గది తలుపుకు చేతి వెనక వైపు ఆనించాను.

చురుక్కుమంది. ఆ మూలకు ఎండ రాదు.

"సార్! తలుపు కాల్తా ఉండాది!" అని అరిచాను.

మావాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. గేటు దాకా పోయిన ఆయనొక్కడే నవ్వకుండా వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.