పచ్చడి కాగా మిగిలిన మామిడి అల్లం

మా మేనకోడలు శిరీష బిలాస్‌పూర్‌లో కెమిస్ట్రీ పరిశోధన చేస్తోంది. మా మెట్ట చేలో పండే మామిడి అల్లంలో ఒకే అణుభారం ఉన్న రెండు పదార్థాలు కలిసి ఉన్నాయని ఆమె అనుమానం. రెండూ వేరని చూపించలేకపోతే థీసిస్‌లో ఆ అధ్యాయం తీసేయమన్నారు గైడు. అందుకు కావలసిన మిషను ఆమెకు ఒక్కరోజే దొరికింది. తాజా దుంపలు తెమ్మని ఫోన్ చేసింది, బయలుదేరాను.

విజయనగరంలో రాత్రి బండెక్కితే రాయగడ, రాయ్‌పూర్ మీదుగా మర్నాడు పొద్దెక్కాక బిలాస్‌పూర్‌లో దిగవచ్చు. స్లీపర్ టికెట్టు నాలుగు వందల దాకా అవుతుంది, చలికాలంలో దుప్పటి తప్పదు. బావ రైల్వేలో పనిచేస్తాడు; స్టేషన్ నుంచి వాళ్లుండే రైల్వే కాలనీకి ఆటో యాభై. డ్రైవరు నా సంచి వాసన చూసి, "ఆమ్ హై క్యా, భయ్యా? ఇస్ ఠండ్ మే?" అన్నాడు, ఈ చలిలో మామిడికాయలేమిటని. అల్లమంటే నమ్మలేదు. ఒక కొమ్ము ఇచ్చాను. దారంతా దాన్ని వాసన చూస్తూనే నడిపాడు.

దిగిన మర్నాడు పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో పోపు వాసన. మా చెల్లెలు వరం రోట్లోంచి పచ్చడి తీస్తోంది. సంచి దాదాపు ఖాళీ.

"ఏటన్నయ్యా, అలా చూస్తావేటి? మామిడి అల్లమని సంచి మీద నువ్వే కదా రాసినావు. తినడానికి కాకపోతే మరేటికి?"

శిరీష గిన్నెలోకి చూసింది. "అమ్మా, అది నా థీసిస్."

"అచ్ఛా. ఉప్పు సరిపోనాదో లేదో చూడు."

సంచి అడుగున మూడు కొమ్ములు మిగిలాయి. వాటితోనే షేర్ ఆటోలో గోల్ బజార్ మీదుగా ఊరి చివరి ల్యాబుకి వెళ్లాం. ఫోను, తాళాలు, బ్యాంకు కార్డు బయటే పెట్టించారు. లోపల ఉన్నది పెద్ద అయస్కాంతం.

శిరీష దుంపల రసం తీసి, వడగట్టి, మిషనులోకి ఎక్కించింది. రసం సన్నటి గొట్టంలోంచి పోతుంటే పదార్థాలు ఒకదాని వెనక ఒకటి విడిపోతాయి. ఒక్కొక్కదాన్నీ చిన్న లూప్‌లో ఆపి, తర్వాత వంతులవారీగా అయస్కాంతంలోకి పంపుతారు; దానిలో హైడ్రోజన్లు ఎక్కడెక్కడున్నాయో తెరమీద శిఖరాలున్న గీతగా వస్తుంది. నాకు లూప్ అర్థం కాలేదు.

"నాన్న చెప్పే లూపే, మావయ్యా. ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి గూడ్సుని పక్క లైన్లో పెడతారు కదా. బస్, వహీ, అదే ఇదీ."

"ఇంత కొంచెం సరిపోతుందా?"

"సరిపోవాలి. తక్కువైతే సిగ్నల్ సన్నగా వస్తుంది, ఎక్కువసేపు కూర్చోవాలి."

కూర్చున్నాం. మధ్యాహ్నం క్యాంటీన్‌లో సమోసా తిని మళ్లీ కూర్చున్నాం. సాయంత్రానికి రెండు లూపుల గీతలు తెరమీద ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పై గీతలో శిఖరం ఉన్న ఒకచోట కింది గీత చదునుగా ఉంది. శిరీష నా మోచెయ్యి పట్టుకుంది.

"దిఖా, కనిపించిందా మావయ్యా? బరువు ఒకటే. హైడ్రోజన్లు కూర్చున్న చోట్లు వేరు. రెండూ వేరు."

గీతల్ని అక్కడి కంప్యూటరు నుంచే గైడుకి మెయిల్ చేసి, బయటికొచ్చి ఫోన్ చేసింది. ఆయన అవి చూసి, అధ్యాయం ఉంచమన్నారు.

రాత్రి వరం అందరికీ అన్నంలో పచ్చడి వేసింది. "రెండున్నాయని తెలీడానికి అంత మిషనేటే? ఒకటి పుల్లగుంది, ఒకటి ఘాటుగుంది. తినీసి చెప్పీదాన్ని కదా," అంది. శిరీష నవ్వుతూ రెండోసారి వేయించుకుంది.

తిరుగు బండిలో ఆ రెండు గీతలే గుర్తొచ్చాయి. మా చేలో ఏళ్లుగా తవ్వుతున్న దుంపలో ఏముందో చూడడానికి ఇంత దూరం రావలసి వచ్చింది. వచ్చినందుకు సంతోషంగా ఉంది. మీరూ ఇలా ల్యాబుకి ఏదైనా పట్టుకెళ్లి చుట్టాలింట్లో దిగితే, సంచి మీద అదేమిటో రాసి ఊరుకోకండి. దేనికో కూడా రాయండి.