దేవుడికి దరఖాస్తు

యుద్ధకాలంలో బొగ్గుతో నడిచిన బస్సుల మీద నాకు పెద్దగా కోపం లేదు. ఎత్తు వచ్చినప్పుడల్లా ప్రయాణికులు దిగి తోయాలన్న నియమం మాత్రం టికెట్టు కొనకముందే చెప్పి ఉంటే బాగుండేది. మదనపల్లె నుంచి పుంగనూరుకు నేను బస్సులో వెళ్ళానో, బస్సే నాతో వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. అయినా ఆ రోజు తరవాత జరిగిన ఘోరంతో పోలిస్తే బస్సు తోయడం విశ్రాంతి కిందికే వస్తుంది.

నేను రంగూనులో పుట్టి, అక్కడే బి.ఎస్సీ. చదివి, బాంబులు పడ్డాక ఒక ట్రంకుపెట్టెతో ఈ దేశానికి వచ్చినవాణ్ణి. ఇక్కడ నన్నెరిగినవాడు ఓడలో పరిచయమైన కుప్పం మునెప్ప ఒక్కడే. ఉద్యోగం దొరక్కపోతే మళ్ళీ అతని ఇంటి అరుగే నాకు గతి. మదనపల్లె మిషన్ బడిలో ఖాళీలు లేవన్నారు. పుంగనూరు మిషన్ బడికి సైన్సు మాస్టరు కావాలన్నారు. కుప్పంలో బయలుదేరేటప్పుడే మునెప్ప జాగ్రత్త చెప్పాడు.

"మిషనోళ్ళ ఇండ్లకు పోతాండావు. పెట్టింది తిను, అడిగింది చెయ్యి. దేనికీ కాదనొద్దప్పా!"

హెడ్మాస్టరు జీవరత్నంగారు నా సర్టిఫికెట్లు చూడకముందే ఆకు వేయించారు. రాగిసంగటి, కోడిపులుసు. ఎదురుగా ఆయన, పక్కన వాళ్ళమ్మగారు.

"కొత్తగా వచ్చినోళ్ళు ప్రార్థన చేసేది మా ఇంటి పద్ధతి. చెయ్యండప్పా," అన్నారాయన. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

నేను జన్మలో చర్చి గడప తొక్కలేదు. ఆ మాట చెప్పేయవచ్చు. కానీ కాదనకూడదు కదా! నాకు చేతనైన ప్రార్థన ఒక్కటే, దరఖాస్తు.

"మహారాజశ్రీ దేవుడుగారి దివ్యసముఖమునకు..."

హెడ్మాస్టరుగారి కనుబొమ ఒకటి లేచింది. కన్ను తెరుచుకోలేదు.

"భౌతికశాస్త్రమునందు రెండవ తరగతిలో ఉత్తీర్ణుడను. అవసరమైనచో లెక్కలు కూడా చెప్పగలవాడను..."

"అట్లే తండ్రీ," అంది అవ్వ.

ఆ ప్రోత్సాహంతో డ్రిల్లు కూడా నేర్పగలనని చేర్చి, "ఇట్లు, తమ విధేయుడు" అని ముగించాను.

ఎవరూ కళ్ళు తెరవలేదు.

ఎందుకు తెరవరో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలంగా ఉంది. అన్నం ముందు అంత నిశ్చలంగా కూర్చున్న మనుషులను నేనెన్నడూ చూడలేదు. దరఖాస్తు చాలలేదేమోననుకుని వానలు కోరాను. యుద్ధం ఆగాలన్నాను. బొగ్గుబస్సుకు బలం ప్రసాదించమన్నాను. ఇంతలో పిల్లి ఒకటి లోపలికొచ్చి పులుసుగిన్నె వైపు నడిచింది.

"ప్రభువా, ఆ పిల్లిని గిన్నె దగ్గరనుండి వెంటనే తొలగింపుము!"

"అట్లే తండ్రీ," అని అవ్వ కళ్ళు తెరవకుండానే చెంబు విసిరింది. పిల్లి తొలగింది. నా ప్రార్థనల్లో అంత త్వరగా ఫలించినది మరొకటి లేదు.

"అయిపోయిందేమప్పా?" అడిగింది అవ్వ.

"ఆమేన్ అనలేదు కదమ్మా, ఇంకా ఉన్నట్టుండాది," అన్నారు హెడ్మాస్టరుగారు.

"ఆమేన్!" అని అరిచాను. ఆరు కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

సంగటి రాయిలా బిగిసింది. ఎలా ఆపాలో తెలియని ప్రార్థనను ఇక ఈ జన్మలో మొదలుపెట్టనని ఆ రాయి మీదే ఒట్టు వేసుకున్నాను.

హెడ్మాస్టరుగారు చాలాసేపు నమిలి, "సర్టిఫికెట్లు ఇంక సూసే పనిలేదు, అన్నీ ఇన్నాను. సోమవారం రాండి," అన్నారు. "కొత్త మాస్టరు వచ్చిన దినం బడిలో ప్రార్థన కూడా..."

"ఉజ్జోగం ఇస్తే ఇయ్యప్పా," అంది అవ్వ. "ప్రార్థన మటుకు ఇంగొకరితో సేయించు. పిలకాయలు ఆకలికి సచ్చిపోతారు."