కాలువ కింద దారి

లండను పట్నంలో నేల కింద పొగబండి నడుస్తోందని మా అల్లుడు పత్రిక చదివి వినిపించి, నేను నోరు తెరుస్తానేమోనని చూశాడు. తెరవలేదు. అతని భార్య పుట్టిన రోజునే నేను పడవ కింద నడిచినవాణ్ణి.

మా ఊరికీ అత్తవారి ఊరికీ మధ్య అప్పుడే కొత్తగా కాలువ తవ్వారు. గోదావరి నీళ్లు ఎత్తుగట్ల మధ్య పారేవి. మా చేల మురుగు పోవడానికి కాలువ అడుగున ఇటుకలతో సొరంగం కట్టారు. కింద మురుగు, దానిపైన గోదావరి, ఆపైన అమలాపురం వెళ్లే కొబ్బరికాయల పడవలు! జనం చద్దిమూటలతో వచ్చి మరీ చూసేవారు. చూసేవారే తప్ప దూరేవారు లేరు.

ఆ మాఘమాసం ఓ మధ్యాహ్నం అత్తవారి పాలేరు కాలువ ఈదుకుంటూ వచ్చాడు. మా ఆవిడకు తొలికాన్పు నొప్పులు. వాళ్ల మంత్రసాని జ్వరంతో పడుకుంది, మా ఊరి మంత్రసానిని తక్షణం తీసుకురమ్మన్నారు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని గట్టెక్కి చూస్తే, దాటించే దోనె అవతల బోర్లించి ఉంది, పలకలు మారుస్తున్నారు. కనుచూపుమేర పడవ లేదు. మంత్రసాని ముసలిది, ఈత రాదు. నాకూ రాదు, ముసలితనమనే సాకు కూడా లేదు.

“సొరంగంలోంచి పోదామా అవ్వా?” అన్నాను, వద్దంటుందన్న ఆశతో.

“ఆయ్, పదండి బాబుగారూ. పిల్లలు అలాంటి దార్లోంచే కదండీ వస్తారు!”

మురుగు చీలమండల్లోతు. నా ధైర్యమూ అంతే లోతు. వంగి కాస్త దూరం వెళ్లామో లేదో ఆవిడ ఆగిపోయింది.

“గోదారమ్మని దాటుతూ పసుపూ కుంకం ఇవ్వకపోతే ఎలాగండి?”

“ఇచ్చెయ్, తొందరగా.”

“ఎక్కడిమ్మంటారు? కిందున్నది మురుగాయె!”

నిజమే. ఏరు నెత్తిమీద ఉంటే ఎలా ఇవ్వాలో ఏ పురోహితుడూ చెప్పలేదు.

“పైకే ఇద్దాం” అన్నాను. నా జన్మకి నేను చెప్పిన శాస్త్రం అదొక్కటే.

ఆవిడ కొంగుముడి విప్పి, దణ్ణం పెట్టి, పిడికెడు పైకి విసిరింది. గోదావరమ్మ తడి ఇటుకలకు పట్టినంత పుచ్చుకుని మిగతాది నా ముఖాన కొట్టింది.

కళ్లు తుడుచుకుంటుంటే వినపడింది. మెత్తగా, బరువుగా, కాలువ అడుగున గడకర్ర తగిలిన చప్పుడు. వెనకే పడవవాడి కూనిరాగం, వేరే లోకంలోంచి వచ్చినట్టు. గట్టుమీద వెతికితే రాని పడవ ఇప్పుడు నెత్తిమీదికి వచ్చింది! చెయ్యెత్తి ఇటుకలను ముట్టుకున్నాను. చెమర్చి, సన్నగా వణుకుతున్నాయి. వాటిపైన ఒక నది, నదిమీద పడవ, పడవలో ఎవరో అన్నం వండుకుంటున్నారేమో. అంత బరువునూ ఆపి మా ఇద్దరి తలలకూ దారి ఇచ్చాయి. నా భయం ఎటు పోయిందో తెలియదు. చేతులు జోడించాను.

“దణ్ణాలు తర్వాత పెట్టుకుందురుగాని నడవండి బాబూ, బిడ్డ ఆగదు!”

గుమ్మంలో మా అత్తగారు నన్ను చూసి, “అదేంటండీ, పేరంటానికెళ్లొచ్చేరా?” అన్నారు. మంత్రసాని లోపలికి వెళ్లిపోయింది. నేను ముఖం కడుక్కోకుండా అరుగుమీదే కూర్చున్నాను. పొద్దువాలుతుండగా ఏడుపు వినపడింది.

“ఆడపిల్లండి! తల్లీ బిడ్డా కులాసా!”

పురుడు వెళ్లేదాకా తాకకూడదంటున్నా వినలేదు. ఇంకా తడిగా, సన్నగా వణుకుతున్న ఆ నుదుటిని, ఇందాక ఇటుకలను తాకినట్టే, ఒక్క వేలితో తాకాను. నా వేలి పసుపు అంటుకుంది.